ఎడమ పక్క పులి, కుడి పక్క పులి

నిన్న ఉదయం నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో కోసం నిలబడి ఉంటే, నా ముందు ఆగిన ఆటోకు రెండు పక్కలా రెండు పులి బొమ్మలు వేసి ఉన్నాయి. బుద్ధున్నవాడెవడైనా ఎక్కి కూర్చుంటాడు. నేను ఎడమ వైపు పులిని చూశాను, చుట్టూ తిరిగి వెళ్లి కుడి వైపు పులిని చూశాను, తనివి తీరక మళ్లీ ఎడమ వైపుకు వచ్చాను. లోపల ఇరుక్కుని ఉన్న పదిహేడు మంది (ఆరుగురే అనుకోండి, కానీ తిట్లు పదిహేడు మందివి వినిపించాయి) నన్ను శపిస్తుండగా డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏంది సార్, పెండ్లిసూపులా? ఎక్కుతవా, ఎక్కవా?" అన్నాడు. పెయింటరు ఎడమ పక్క చారల్నే అచ్చుగుద్దినట్టు తిప్పి కుడి పక్క వేశాడనీ, అటువంటి పులి ఈ భూమ్మీద పుట్టనే లేదనీ నేను చెప్పబోయాను. "పులికి లేని పరేషాన్ నీకెందుకు సార్" అని అతను నన్ను దుమ్ములో వదిలేసి వెళ్లిపోయాడు.

అతని తప్పు లేదు. ఆ పరేషాన్ పదిహేనేళ్ల నాటిది, ఇప్పటికీ పులి చారలు కనబడితే చాలు, కాళ్లు ఒకచోట నిలవవు.

మాదాపూర్‌లో ఫ్లైఓవర్లు ఇన్ని లేనప్పుడు, రాళ్ల గుట్టల మధ్య అక్కడొక అద్దాల మేడ, ఇక్కడొక అద్దాల మేడ మొలుస్తున్నప్పుడు, మన వయసు వాళ్లంతా ఏదో ఒక కంపెనీ పేరున్న తాడు మెడలో వేసుకుని తిరిగిన రోజుల్లో, నేను మాత్రం ఒక కర్రీ పాయింట్ పైన రేకుల గదిలో పులుల్ని లెక్కపెట్టే ఉద్యోగం చేశాను. ఆ గది ఎంత చిన్నదంటే ఒకరు తుమ్మాలంటే మిగతావాళ్లు లేచి బయటికి వెళ్లాలి. కింద గోంగూరకు తాలింపు పడితే పైన కంప్యూటర్లు దగ్గేవి. ఏప్రిల్ నెలలో మౌస్ మీద చెయ్యి పెడితే అట్టు పొంగినట్టు వేళ్లు పొంగేవి. ఇందులో నేను కల్పించింది ఏదైనా ఉంటే తుమ్ము సంగతి ఒక్కటే.

పని చెబుతాను. అడవిలో జంతువులు నడిచే దారుల పక్కన చెట్లకు కెమెరాలు కడతారు. ఎదుట ఏది కదిలినా అవి టక్కున ఫోటో తీస్తాయి. అలా తీసినవన్నీ చిన్న కార్డుల్లో మా దగ్గరికి వచ్చేవి. గాలికి ఊగిన ఆకులు, ఆవులు, ఎలుగుబంటి ముక్కు, ఎవరో మేకల కాపరి లుంగీ, వీటన్నిటినీ తీసిపారేస్తూ పోతే వెయ్యికో రెండువేలకో ఒక పులి తగిలేది. అప్పుడు దాని చారల్ని పాత ఫోటోలతో పోల్చి అది ఏ పులో తేల్చాలి. ఒక పులి ఒంటి మీది చారలు మరో పులికి ఉండవు, మన వేలిముద్రల్లాగే. ఇంకా చిత్రం ఏమిటంటే ఒకే పులికి ఎడమ పక్కన ఉన్న చారలు కుడి పక్కన ఉండవు. అందుకే దారికి అటొకటి ఇటొకటి ఎదురెదురుగా రెండు కెమెరాలు కడతారు. కట్టడం వరకే మన చేతిలో ఉంది. తరువాత ఒకదాంట్లో చీమలు కాపురం పెడతాయి, లేదా కోతులు పీకి చూసి నచ్చక పారేస్తాయి, మనకు ఒక పక్కే మిగులుతుంది. ఒక పక్క మాత్రమే చూసి కొత్త పులి అని లెక్క పెంచకూడదని మా మేడమ్ పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించింది. ఆవిడది గోదావరి వైపు ఊరు. ఉన్న నగలు తాకట్టు పెట్టి ఆ చిన్న కంపెనీ నడిపేది. మమ్మల్ని తిట్టినా 'అండి' చేర్చే తిట్టేది.

నన్ను ఆ పనిలో పెట్టడం ఆవిడ చేసిన ఒకే ఒక పొరపాటు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు పుట్టుకతోనే రాలేదు. చందానగర్‌లో మా ఇంటి ముందు పిల్లి వెళితే నేను చిరుతపులి అనేవాణ్ణి. నా పక్క కుర్చీలోనే పనిచేసే మా బావమరిది, నేను చెప్పిన ఏ లెక్కనైనా మూడుతో భాగించి వింటానని ఆఫీసులో అందరికీ బహిరంగంగా చెప్పుకున్నాడు.

కార్డులు తెచ్చేది నల్లమల వైపు అడవిలో వాచర్‌గా చేసే పెద్దమనిషి. మేమంతా బాబాయి అనేవాళ్లం. వెలిసిన ఖాకీ చొక్కా, చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా, ఆ డబ్బాలో రొట్టెలకు బదులు గుడ్డలో చుట్టిన కార్డులు. పులుల్ని మేము నంబర్లతో పిలిస్తే ఆయన పేర్లతో పిలిచేవాడు. అందులో ఒక ఆడపులి మీద ఆయనకు ప్రాణం. ఒక వాగు పక్కనే తిరిగేది కనుక దాన్ని వాగుబిడ్డ అనేవాడు. దాని ఎడమ పక్క ఫోటోలు మా దగ్గర బోలెడు. కుడి పక్క ఒక్కటీ లేదు, ఆ వైపు కెమెరా కోతులు ఎన్నిసార్లు కట్టినా పీకేసేవి.

ఆ ఏప్రిల్‌లో ఒక రోజు ఆయన వచ్చినప్పుడు డబ్బా బల్ల మీద పెట్టి చాలాసేపు నీళ్లు కూడా తాగలేదు. వాగు ఒడ్డున ఎవరో దొంగలు పెట్టిన తీగ ఉచ్చు దొరికిందట. తెగి ఉందట, దానికి నెత్తురూ వెంట్రుకలూ అంటుకుని ఉన్నాయట. ఆ రోజు నుంచీ వాగుబిడ్డ ఎవరికీ కనబడలేదు. అది పెట్టిన రెండు పిల్లలు బండల సందులో ఉన్నాయి, సరిగా కళ్లు తెరిచి ఎన్నో రోజులు కాలేదు. తల్లి పులి వేటకు వెళ్లి ఒక రోజు, ఒకటిన్నర రోజు రాకపోవడం మామూలేనట. ఇప్పటికి రెండు రోజులు దాటినా ఇంకొక్క రోజు చూద్దామని, పిల్లల్ని తీసేస్తామంటున్న పై ఆఫీసర్లను ఆయన బతిమాలి ఆపి వచ్చాడు. పిల్లల్ని తెచ్చి జూలో పెడితే బతుకుతాయి, కానీ బోనులో పెరిగిన పులికి మళ్లీ అడవి లేదు, వేట నేర్పే తల్లి ఉండదు గదా. ఆ రాత్రికి ఆయన తన చుట్టాలింట్లో ఉంటానని, మర్నాడు వచ్చి కార్డుల్లో ఏముందో తెలుసుకుంటానని వెళ్లాడు.

ఆ కార్డుల్లో వాగుబిడ్డ ఎడమ పక్క ఎక్కడా లేదు. కానీ వాగుకు అవతల, ఎండాకాలం కూడా తడి ఉండే లోయలో కట్టిన ఒంటి కెమెరాలో, రెండు రోజుల కిందటి తెల్లవారుజామున ఒక పులి కుడి పక్క పడింది. మా కుడి పక్క ఫైళ్లన్నీ తిరగేశాను. దేనికీ కలవలేదు. అప్పుడు నాలోని మహానుభావుడు నిద్ర లేచాడు. కొత్త పులి అన్నాను. ఆడపులి అంటే చప్పగా ఉంటుంది కనుక మగపులి అన్నాను. మగపులి అన్నాక చిన్నది ఎందుకవుతుంది, నల్లమల మొత్తానికి ఇంత పెద్ద తల లేదన్నాను. గోడ మీది కాగితం నా నెత్తి మీదే ఉంది. మర్నాడు ఉదయం మేడమ్ ఊరి నుంచి తెప్పించిన పూతరేకులు అందరికీ పంచింది, నా ఉత్సాహం చూసి ఆవిడ కూడా గోడ వైపు చూడలేదు.

మధ్యాహ్నం బాబాయి వచ్చాడు. కొత్త మగపులి అని నేను చెయ్యి చాపి దాని పొడుగు చూపిస్తుంటే ఆయన ముఖం మాడిపోయింది.

"కొత్త మగపులా? గంత పెద్దదా?" అన్నాడు. "ఇగ అయిపోయింది బిడ్డా. తనవి కాని పిల్లల్ని మగపులి బతకనియ్యదు. తల్లి లేదు, పైకెల్లి గిదొకటి."

నా ఎదురుగానే తన ఫోను తీసి ఆఫీసర్లకు చెప్పాడు. మర్నాడు పొద్దున్నే జూ బండిలో బోను వస్తుందని, పిల్లల్ని తీసేద్దామని నిర్ణయమైపోయింది. ఛార్జింగు అడవిలో దొరకదని ఫోను ఆపేసుకుని, డబ్బా తీసుకుని, పూతరేకు ముట్టకుండా బస్సుకు వెళ్లిపోయాడు.

నేను మూడో పూతరేకు తింటూ నా పులిని తెర మీద పెద్దది చేసుకుని మురిసిపోతున్నాను. మా బావమరిది వెనక నిలబడి చూసి, చూసి, "బావా, గీ మగపులి పిల్లలకు పాలిస్తదా ఏంది?" అన్నాడు.

పొట్ట కింద రొమ్ములు నిండుగా వేలాడుతున్నాయి. నా నోట్లో పూతరేకు కాగితంలా అయిపోయింది. వాగుబిడ్డ పాత ఫోటో పక్కన పెట్టాను. పక్క చారలు ఎలాగూ కలవవు. కానీ రెండింటిలోనూ తోక పైకెత్తి ఉంది. తోక చివర నుంచి మూడో పట్టె పైభాగంలో రెండుగా చీలి కొక్కెంలా వంగి ఉంది. ఇక్కడా అదే కొక్కెం. ముందు కాలు మాత్రం కొంచెం ఎత్తిపట్టి నడుస్తోంది. ఉచ్చు తెంపుకుని, కుంటుతూ నీళ్లూ వేటా ఉన్న లోయకు వెళుతోంది, పిల్లలు ఇంకా బతికి ఉన్నాయంటే పాలివ్వడానికి మరో దారిన తిరిగి వస్తోంది. బతికే ఉన్న తల్లిని నేను మగపులిని చేసి, ఆ మగపులి చేత పిల్లల్ని బోనులోకి తోయిస్తున్నాను.

మేడమ్ ఫోటోలు చూసింది. ఆఫీసర్ల ఫోను నంబరు ఆవిడ దగ్గర లేదు. మెయిల్ ఉంది, అదీ ఎప్పుడో చూసుకునే మెయిల్. "తప్పు చేశామని రాస్తే కాంట్రాక్టు పోతుందేమోనండి" అంది, మూడు సెకన్లు గోడ వైపు చూసి, "పోతే పోయిందండి, మెయిల్ నేను కొడతాను, మీరు ముందు బస్సు పట్టుకోండి" అని ఫోటో ప్రింటు తీసి నా చేతిలో పెట్టింది.

మాదాపూర్ నుంచి ఇమ్లీబన్ బస్టాండుకు మా బావమరిది స్కూటరు మీద ఎలా వెళ్లామో చెబితే మీరు నమ్మరు, నమ్మాల్సిన అవసరం కూడా లేదు. జూబ్లీహిల్స్ సిగ్నల్ దగ్గర నాకు నెరిసిన మొదటి వెంట్రుక కనబడింది. పంజాగుట్ట దాటేసరికి మిగతావి నెరిశాయి. "జర గట్టిగ పట్టుకో బావా, నువ్వు ఊగితే బండి ఊగుతది" అని వాడు అరుస్తూనే ఉన్నాడు. నేను కూర్చుని కూడా పరిగెత్తుతున్నాను.

శ్రీశైలం బస్సు వెనక్కి తీస్తున్నారు. నేను వెళ్లి దాని వెనక అడ్డంగా నిలబడ్డాను. కండక్టరు విజిల్ వేసి, "సావనీకి నీకు మా బస్సే దొరికిందా?" అని దిగాడు. అతని చంక కింద నుంచి దూరి ఎక్కేశాను. బాబాయి కిటికీ పక్కన డబ్బా ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

"బాబాయ్, కొత్త పులి లేదు."

"లేకపోవుడేంది? ఇందాక గంత పొడుగు సూపిచ్చినవ్ గద?"

"మగది కాదు, పెద్దది కాదు, కొత్తది అసలే కాదు. అది మీ వాగుబిడ్డే. బతికుంది. పాలిస్తోంది."

బస్సంతా మా వైపు తిరిగింది. ఆయన ఫోటో అందుకోలేదు. నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాగి, "నా మొకం జూసి చెప్పు. నిజమా, పెంచి చెప్తున్నవా?" అన్నాడు.

నా జీవితంలో నేను చెప్పిన ప్రతి పిల్లీ, ప్రతి చిరుతా ఆ ఒక్క క్షణంలో వచ్చి మా ఇద్దరి మధ్య కూర్చున్నాయి. ఏ ఒట్టు వేసినా అది కూడా పెంచి చెప్పినట్టే ఉంటుంది.

"లెక్కలో ఒకటి కొట్టెయ్యాలి బాబాయ్. తప్పు నాది" అన్నాను.

ఆయన చొక్కా వదిలేశాడు. "నువ్వు తగ్గించి చెప్పుడు గిదే మొదలు" అన్నాడు. "గట్లయితే నిజమే." ఆ తరువాతే ఫోటో తీసుకుని తోక మీద వేలు పెట్టాడు. ఫోను ఆన్ చేసి, "నేనే సూసి చెప్తున్న సార్, బోను ఆపుండ్రి, తల్లి ఉన్నది" అని బస్సు కదిలిపోతుండగా అరుస్తూనే ఉన్నాడు. నన్ను కండక్టరు చౌరస్తా దగ్గర దింపేశాడు, కిరాయి మాత్రం తీసుకోలేదు.

తరువాత రెండు రోజులు ఆయన ఫోను కలవలేదు. ఆ రెండు రోజుల్లో నేను ఆ రేకుల గదిలో అటూ ఇటూ ఎంత నడిచానంటే కింద కర్రీ పాయింట్ వాళ్లు సీలింగు ఊడిపడుతోందని ఫిర్యాదు చేశారు. మూడో రోజు బాబాయి ఫోను చేశాడు. బోను ఖాళీగా తిరిగి వెళ్లింది. ఆయన దూరంగా గుట్ట మీద కూర్చుని రెండు పొద్దులు చూశాడట. రెండో పొద్దున ఎండ ఎక్కుతుండగా అది కుంటుతూ వచ్చి, ఒక పిల్లను మెడ దగ్గర నోట కరుచుకుని తీసుకెళ్లి, మళ్లీ వచ్చి రెండోదాన్నీ తీసుకెళ్లిందట. ఎక్కడికో ఆయనకూ తెలియదు. తెలుసుకోవద్దనుకున్నానన్నాడు.

కాంట్రాక్టు వెంటనే పోలేదు, ఏడాది ఆగి పోయింది. ఇప్పుడు ఆ పని కంప్యూటరే చేసుకుంటుంది. అది పూతరేకులు తినదు, మగపులి అని చేతులు చాపదు. మేడమ్ కంపెనీ మూసేసి ఊరికి వెళ్లిపోయింది. బాబాయి పోయి నాలుగేళ్లయింది. వార్త నాకు ఆలస్యంగా తెలిసింది.

నేను ఇప్పుడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఇరవయ్యో అంతస్తులో కూర్చుని, ఉన్న అంకెను లేని అంకెగా పెంచి రంగురంగుల బొమ్మల్లో చూపించే ఉద్యోగం చేస్తున్నాను. ఈ పనికి నన్ను మించినవాడు ఈ దారి పొడుగునా లేడు, ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు. నేను ఎంత చాపితే అంత నమ్ముతారు, చప్పట్లు కొడతారు, తరువాతి మీటింగుకు లేచి వెళ్లిపోతారు. నేను మాత్రం ఖాళీ అయిన గదిలో అద్దాల వెంట ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ ఉంటాను. నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాగి, నిజమా, పెంచి చెప్తున్నవా అని అడిగేంతగా నా మాట అవసరం ఉన్న మనిషి మళ్లీ తగల్లేదు.