మానేరు ఒడ్డున నేను చెప్పిన నిజం

నా చిన్నప్పుడు కరీంనగర్‌లో మా గల్లీ ఆడవాళ్ళందరూ పండుగ చివరి రోజున సద్దుల బతుకమ్మను మానేరు నది ఒడ్డుకు తీసుకెళ్ళేవారు. బతుకమ్మలను నీళ్ళలో వదిలాక అక్కడే కూర్చుని, ఇళ్ళ నుంచి తెచ్చిన సత్తుపిండిని ఒకరికొకరు పెట్టుకునేవారు. నువ్వులో పల్లీలో వేయించి, దంచి, చక్కెర కలిపిన పొడి అది. ఎవరి పిండి వాళ్ళే తిని ఇంటికి పోవడం ఆ రోజు ఉండదు. తన చేతిది నలుగురు తింటేనే ఆడమనిషికి పండుగ.

ఆ ఏడు నాకు పదేళ్ళు. పక్కింటి పెద్దమ్మ బీడీలు చుట్టి బతికేది. అంతకుముందు ఏడు ఆమెకు టీబీ వచ్చింది. నెలల తరబడి మందులు మింగింది. ఇక ఎవరికీ అంటుకోదని డాక్టరు చెప్పాడు. గల్లీ మాత్రం నమ్మలేదు. ఆమె డబ్బా మూత తీసి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళింది. "నాకు పండ్లు సలుపుతున్నయి వదినె, తినరాదు" అన్నది ఒకామె. ఇంకొకామె కొంగు పట్టి తీసుకుని, పెద్దమ్మ అటు తిరగగానే ఇసుకలో దులిపింది. పెద్దమ్మ అది చూసింది.

అప్పుడు మా అమ్మ, మేము అవ్వ అనేవాళ్ళం, మా డబ్బాను కొంగు కింద దాచి గట్టిగా పిలిచింది.

"అక్కా, ఇటు రాయే! మా నువ్వులు మాడి బొగ్గయినయ్. పిండే తేలే. మాకు నువ్వే పెట్టాలె."

"గంత పరాకేందే నీకు?" అని పెద్దమ్మ నవ్వుతూ అవ్వ దోసిట్లో పోసింది. అవ్వ అందరి ముందూ తిన్నది. అది చూసి ఇద్దరు ముగ్గురు చేతులు చాచబోయారు కూడా. ఇంతలో పెద్దమ్మ పిడికిలి నా వైపు వచ్చింది.

నేను వెనక్కి జరిగాను. "మన డబ్బ నిండ ఉన్నది కదనే అవ్వా!" అంటూ అవ్వ కొంగు లాగి చూపించాను.

నోరు జారి అన్నది కాదు. అవ్వ ఎందుకు అబద్ధమాడుతోందో నాకు తెలుసు. ఆ పిండి తినాల్సి వస్తుందన్న భయంతో, తెలిసే అన్నాను.

"గింతంత పొల్లగాడు, తల్లినే పట్టిచ్చె గదనే!" అని ఎవరో పకపక నవ్వారు. చాచబోయిన చేతులు వెనక్కి పోయాయి. పెద్దమ్మ డబ్బా మూత బిగించింది. "ఫికర్ చెయ్యకు చెల్లె. పిలగాడు ఉన్నదే చెప్పిండు" అని అవ్వతో అని, ఒక్కతే ఇంటిదారి పట్టింది.

అవ్వ నన్ను కొట్టలేదు. దోసిట్లో మిగిలింది మొత్తం తినేదాకా లేవలేదు. ఇంటికొచ్చాక ఒక్కటే అడిగింది: "ఆమె నీకేం జేసిందిర?"

మరుసటి ఏడు నుంచి పెద్దమ్మ మానేరుకు రాలేదు. బతుకమ్మను పేర్చుకుని, తన వాకిట్లోనే దాని చుట్టూ ఒక్కతే తిరిగేది. ఆమె పోయేలోపు తప్పయిందని చెప్పడానికి నాకు ఏడేళ్ళు దొరికాయి. మధ్యలో ఉన్నది ఒక గోడే. వెళ్ళలేదు.

ఆ తర్వాత కొలువులో, ఇంట్లో ఎందరినో అలాగే నొప్పించాను. ప్రతిసారీ నిజమే కదా అన్నాను. ముక్కుసూటి మనిషినని నాకు పేరుంది. ఎవరైనా ఎదుటే ఆ మాట అంటే తల దించుకుంటాను. అది మెప్పు కాదని నాకు తెలుసు. తెలిసిన మరో ఇద్దరూ, అవ్వా పెద్దమ్మా, ఇప్పుడు లేరు.