పొంగనివ్వని చెయ్యి

ఇరవై రెండేళ్ళ కాపురంలో కనకవల్లి పాలను ఒక్కసారి కూడా పొంగనివ్వలేదు. అది నేర్పరితనం కాదు, భయం. చింతాద్రిపేటలో వాళ్ళు అద్దెకున్న పోర్షనుకు సరిగ్గా పైనే ఓనరమ్మ రాజలక్ష్మి కాపురం. ఏ పోర్షనులోంచి పాలు మాడిన వాసన తగిలినా చాలు, ఆవిడ మెట్ల మీద నిలబడి సాధింపు చీమలతో మొదలుపెట్టి, గోడకు కొట్టిన మేకుల మీదుగా, ఎక్కువ వాడిన నీళ్ళ దాకా వచ్చేది. అందుకని పొయ్యి మీద పాలున్నంతసేపూ కనకవల్లి ఎవరు పిలిచినా పలికేది కాదు.

తొంభై నాలుగులో ఆమె భర్త వరదయ్య పెరంబూరులో రెండు గదుల ఇల్లు కట్టాడు. అక్కడి రైలు పెట్టెల కర్మాగారంలో ఫిట్టరు అతను. గృహప్రవేశం సోమవారం. ఏడున్నరకు రాహుకాలం వచ్చేస్తుంది. ఈలోపల పాలు పొంగి పొర్లాలి. పొంగకపోతే ఆ ఇంట్లో సుఖం ఉండదని అత్తగారు వాసవాంబ వారం రోజులుగా అంటూనే ఉంది. ఆవిడ అనకపోయినా కనకవల్లికి ఆ దిగులు ఉండనే ఉంది. ఇంకో ఇల్లు కట్టే ఓపిక వాళ్ళకు ఈ జన్మలో లేదు.

ఆరుంబావుకు అందరూ వాకిట్లో చేరారు. తాళం వచ్చింది, తలుపు రాలేదు. మేస్త్రీ కన్నియప్పన్ ముందురోజు సాయంత్రం తలుపుకు పెయింటు వేయించి, తడి ఆరకముందే మూసి తాళం పెట్టాడు. తలుపూ ద్వారబంధమూ ఒకటైపోయాయి.

"ఏమీ కాదమ్మా, ఒండుం ఆగాదు," అని అరవంలో కూడా చెప్తూ కన్నియప్పన్ భుజంతో నెట్టాడు. వరదయ్య కూడా నెట్టాడు. పురోహితుడు గోపాలస్వామి గడియారం చూసుకుంటూ చదివిన మంత్రాలే మళ్ళీ చదివాడు. తలుపు ఊడి వచ్చేసరికి ఏడైంది. వరదయ్య పట్టుపంచె మోకాలి దగ్గర ఆకుపచ్చగా మారింది.

గ్యాసు ఇంకా రాలేదు. కిరోసిన్ స్టవ్వు కొత్త వత్తులు అంటుకోవడానికి మరో పది నిమిషాలు పట్టింది. అందరూ గిన్నె చుట్టూ మూగారు. పిలవకపోతే బాగుండదని పిలిచిన రాజలక్ష్మి వంటింటి వాకిట్లోనే పీట వేయించుకుని కూర్చుంది. ఆవిడ చూపు వీపు మీద ఉందని తెలుస్తుంటే కనకవల్లి పాల మీంచి కళ్ళు తిప్పలేదు.

ఏడూ ఇరవైకి పాలు అంచుదాకా లేచాయి. కనకవల్లి ఉఫ్‌మని ఊది, కొంగుతో గిన్నె దించేసింది.

"ఎందుకు దించినావే?" అంది వాసవాంబ.

"తెలీలేదత్తా. చెయ్యే పోయింది."

గిన్నె మళ్ళీ పెట్టింది. ఏడూ ఇరవై ఆరుకు పాలు మళ్ళీ లేచాయి, చెయ్యీ మళ్ళీ లేచింది. ఈసారి వరదయ్య దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. "ఉండనీ కనకా. పోతే పోనీ," అన్నాడు.

పాలు నురగతో పొర్లి, వత్తులను ఆర్పేసి, నేల మీదికి కారాయి. కనకవల్లికి సంతోషంతో ఏడుపొచ్చింది.

"తూర్పుకి పోతా ఉండాయి. శానా మంచిది," అన్నాడు గోపాలస్వామి.

తూము మాత్రం పడమటి మూలన ఉంది. పాలు దాని వైపు చూడనైనా చూడకుండా వంటింటి వాకిలి దాటి, హాల్లో పరిచిన జంపఖానా కిందికి చేరాయి. కనకవల్లి ఏడుపు ఠక్కున ఆగింది. రేపటి నుంచి బియ్యం కడిగిన నీళ్ళూ, అంట్లు తోమిన నీళ్ళూ అన్నీ ఇదే దారి. కన్నియప్పన్ కోసం చూసింది. అతను అప్పటికే వీధిలో సైకిలెక్కుతున్నాడు.

ఇల్లు సరిగా లేకపోతే ఎవరి వైపు తిరగాలో ఆమె మెడకు ఇరవై రెండేళ్ళ అలవాటు.

"అమ్మా, చూడండి, నీళ్ళు తూముకు పోయేట్టు లేవు. నేల వాటం తప్పుగా ఉండాది. ఎట్లైనా మీరు బాగు చేయించాల," అంది.

రాజలక్ష్మి పాలు అంటకుండా కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని తీరిగ్గా లేచింది. ఆవిడ మొహంలో అంత సంతోషం కనకవల్లి ఎన్నడూ చూడలేదు.

"నాకెందుకు చెప్తావు? ఈ ఇంటి ఓనరమ్మకు చెప్పుకో, పో," అంది.