పెద్ద వీధిలో కవాతు

మా చెల్లెలు ఆ కవాతు 1978లో జరిగిందంటుంది. కాదు. 1979 మట్టల ఆదివారం, ఏప్రిల్ ఎనిమిది. నేను రాజోలు దగ్గరి బడిలో లెక్కల టీచరుగా చేరిన ఏడాది అది. తారీఖు విషయంలో నేను తగ్గను.

ఈస్టరుకు ముందొచ్చే మట్టల ఆదివారం ఉదయం మా పేట క్రైస్తవులమంతా కొబ్బరాకులు పట్టుకుని, పాడుకుంటూ ఊరు చుట్టి చర్చికి వెళ్లేవాళ్లం. దారి పెద్ద వీధి గుండా పోతుంది. అక్కడివి భూములున్న వాళ్ల ఇళ్లు. వీధి మొగలో పాట ఆపాలి, వీధి దాటాక మళ్లీ ఎత్తుకోవాలి. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. కానీ తప్పితే రెండో పంట దాళ్వా కోతలకు మా పేట ఆడవాళ్లకు పిలుపు రాదు. ఆ కోత ముఠాకు మా అమ్మే పెద్ద. చేలు అప్పటికే పండి ఉన్నాయి.

ఊరేగింపును నడిపేది మా నాన్నగారు. పటాలంలో హవల్దారుగా చేసి, డెబ్బై ఒకటి యుద్ధం చూసి, పింఛను మీద ఇంటికి వచ్చారు. ఆయన కర్ర పైకెత్తితే పాట ఠక్కున ఆగేది. ఆ ఏడాది ఊరేగింపు చెల్లాచెదురు కాకూడదని ముందు వారమంతా సాయంత్రాలు చర్చి ఆవరణలో అందరికీ కాళ్లు కలిపి నడవడం నేర్పారు. ముసలమ్మలను కూడా వదల్లేదు.

"ఈ వయసులో మమ్మల్ని మిలట్రీలో చేర్పిస్తారేంటండీ?" అని వాళ్లు నవ్వారు.

ఆ ఉదయం కాలవ వంతెన దగ్గర నాన్నగారు "కాళ్లు విడదీయండి" అన్నారు. అందరి అడుగూ ఒక్కసారి పడితే వంతెన ఊగుతుందని పటాలంలో నియమమట. దాటాక మళ్లీ కలిపించారు. వీధి మొగలో కర్ర లేచింది. పాట ఆగింది.

అడుగులు ఆగలేదు. అంతవరకూ పాట కింద అణిగి ఉన్న చప్పుడు ఇప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. అరుగుల మీదికి జనం వచ్చారు. కోతలకు పిలుపు పంపే మునసబుగారు రోడ్డుకు అడ్డంగా వచ్చి నిలబడ్డారు.

"ఏమయ్యా హవల్దారూ, ఏంటా చప్పుడు? దండయాత్రా?"

"నడుస్తున్నామండి."

"నడక ఇలా ఉంటుందా? కాళ్లు విడదీయమను."

నాన్నగారు ఆయన ముందు నిటారుగా నిలబడ్డారు. ఆగమని మాకు ఆజ్ఞ రాలేదు. అందుకని అందరూ ఉన్నచోటే అడుగులు వేస్తూ ఉండిపోయారు. అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "మీ నాన్న ఆపించకపోతే మన కోతలు పోయినట్టేనే" అంది నా చెవిలో. ఆవిడ కాళ్లు మాత్రం ఆగలేదు.

"వంతెన మీదైతే విడదీస్తామండి. ఇది రోడ్డండి" అన్నారు నాన్నగారు. "పాట వద్దన్నారు, ఆపేమండి. నడక వద్దని ఎవరూ అన్లేదండి."

"ఇప్పుడు నేనంటున్నాను."

"ఆయ్, విన్నానండి. తమరు మా కమాండరు కాదు కదండి."

పక్క అరుగు మీంచి ఇద్దరు మగవాళ్లు కర్రలు పట్టుకుని దిగారు. మునసబుగారు వాళ్లను చూశారు, ఆకులు పట్టుకున్న మా ముసలమ్మలను చూశారు. కర్రల వాళ్లను చేత్తో వారించి పక్కకు జరిగారు.

"పోండి. కోతలొస్తాయిగా, అప్పుడు చూస్తాను" అన్నారు.

చూశారు. ఆ ఏడాది పిలుపు రాలేదు. వేరే ఊరి వాళ్లు లారీలో వచ్చి మా కళ్లముందే కోసుకుపోయారు. మా ఆడవాళ్లు రాయవరం దాకా పోయి, పరాయి పాకల్లో పడుకుని కోతలు కోసి వచ్చారు. తిరిగొచ్చాక అమ్మ నాన్నగారికి అన్నం పెట్టేది గానీ చాలా రోజులు మాట్లాడలేదు.

మరుసటి ఏడు మట్టల ఆదివారం మార్చి ముప్పై. ముందురోజు నాన్నగారే గొంతు తగ్గించి అడిగారు.

"ఈ ఏడు పెద్ద వీధి వద్దులే. కాలవ గట్టు మీంచి పోదామా?"

అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. తల ఎత్తలేదు.

"ఎందుకండీ? మునసబుగారు ఈ ఏడు మాత్రం పిలుస్తారా ఏంటి? కిందటేడు ఉత్త నడకకి పని పోగొట్టుకున్నాం. ఈసారి పాట పాడైనా పోగొట్టుకుందాం."

నాన్నగారు నన్ను పిలిచి, చర్చి సంఘం ఒప్పుకున్న పాటల పుస్తకం తెమ్మన్నారు.

"పెద్ద వీధిలో ఏ పాటైనా సరే" అన్నారు. "ఇందులో ఉన్నదే పాడాలి."