నందిగామ బస్సు ఎప్పుడని అడిగిన పిల్ల

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక పొగడ్తని. నింద అయితే ఎదురుతిరిగి దులిపేసేదాన్ని, అది నాకు బాగా చేతనవును. పొగడ్తనేం చెయ్యను? "మా లెక్కల మేడం ఉండబట్టి మనిషినయ్యాను" అని ఒకమ్మాయి కనబడ్డవాళ్లందరికీ చెబుతుంది. నేను పక్కన నిలబడి నవ్వుతాను. ఆ మాట అబద్ధమని పూర్తిగా తెలిసింది ఇద్దరికే, నాకూ మరొకాయనకూ. ఆయన్ని ఎవరూ అడగలేదు. నన్ను అడిగే ధైర్యం ఎవరికీ లేదు. మీరు నాకు ఏమీ కారు కాబట్టి మీతో చెబుతున్నాను.

ఆ అమ్మాయిని ఎస్తేరు అందాం. అసలు పేరు వేరు. నందిగామ దగ్గర ఒక బడిలో ఆటల టీచరు. ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతుంది. ఈమధ్య వాళ్ల ఫైనల్ చూడ్డానికి జగ్గయ్యపేట నుంచి వెళ్లాను. ఆమె జట్టులో అందరికన్నా బాగా కూతకెళ్లే పిల్లకి అవతలివాళ్ల మోకాలు కణతకు తగిలింది. పడింది, లేచింది, దుమ్ము దులుపుకుంది, ఏమీ కాలేదంది. ఎస్తేరు నమ్మలేదు. ఆట ఆపించి, ఎదురుగా గొంతుక్కూర్చుని, ఆ పిల్ల మొహం రెండు చేతుల్లోకి తీసుకుని మెల్లగా అడిగింది. ఇప్పుడు మనం ఆడేది మొదటి సగమా, రెండోదా? ఆఖరి పాయింటు ఎవరు తెచ్చారు? పిల్ల జవాబు చెప్పింది, కానీ వెతుక్కుని చెప్పింది. అంతే, బయటికి తీసుకొచ్చేసింది. పిల్ల తల్లి జనంలోంచి కేకలేసింది, గెలిచే ఆట నాశనం చేస్తున్నావని. "పోతే పోనీ పిన్నీ, కప్పు కావాలంటే బజార్లో కొనిపెడతా. నీ కూతుర్ని ఎక్కడ కొననూ?" అంది ఎస్తేరు, అటు తిరక్కుండానే.

ఓడిపోయారు. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. పిల్లను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడే తల్లికి వివరంగా చెప్పింది. వాంతులైనా, తలనొప్పి పెరిగినా, నిద్రలోంచి లేపితే లేవకపోయినా వెంటనే తీసుకురావాలి. ఫోను ఇవ్వొద్దు. ముందు విశ్రాంతి, తర్వాత బడి, ఆ తర్వాత నడక, పరుగు. ఒకరినొకరు పట్టుకునే ఆట అన్నిటికన్నా చివర, అదీ డాక్టరు సరేనంటేనే. బాగానే ఉన్నానని పిల్ల బతిమాలితే అసలు వినదు. ఆడాలనుకునే పిల్ల బాగాలేనని ఎందుకంటుంది అని అడుగుతుంది. మనుషుల్లో తప్పులు పట్టడం నా ఊపిరి. స్టాఫ్ రూములో నా నోటికి జడిసి కుర్చీ మార్చుకున్నవాళ్లున్నారు. ఈ అమ్మాయి పనిలో మాత్రం వెతికి వెతికి ఓడిపోయాను.

ఇదంతా ఆమెకు తన తల మీదుగానే తెలిసింది. ఆ తలకు దెబ్బ తగిలిన రోజు పక్కనున్నదాన్ని నేను.

అప్పుడు ఎస్తేరు మా బడిలో పదో తరగతి. ఆటల టీచరు లేడు. ఆడపిల్లలకు కబడ్డీ ఎందుకండీ, తొక్కుడుబిళ్ల ఆడించండి అని మగ మాస్టర్లు నవ్వారు. వాళ్లతో పోట్లాడి జట్టును నేనే నందిగామ పోటీలకు తీసుకెళ్లాను. ఓడి తిరిగొస్తే ఆ నవ్వులు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఆ నవ్వులే నా తలలో ఉన్నాయి, పిల్లలు కాదు. ఆ మాట ఒప్పుకోవడానికే నాకు ఇంతకాలం పట్టింది.

ఎస్తేరు ఎదుటి పిల్ల కాలు పట్టబోయింది. మడమ చెవి పక్కన తగిలి, వెనక్కి పడి, తల నేలకు కొట్టుకుంది. మా దగ్గర అలా పడితే మొహాన నీళ్లు కొట్టి లేపుతారు. లేచి నిలబడితే అందరూ చప్పట్లు కొడతారు. ఇక ఏమీ కానట్టే లెక్క. ఎస్తేరుకీ చప్పట్లు కొట్టారు. కొంగుతో మొహం తుడుస్తుంటే నా చెవిలో అడిగింది, "మేడం, నందిగామ బస్సు ఎప్పుడొస్తదండీ?"

పొద్దుటి నుంచీ మేం నందిగామలోనే ఉన్నాం.

విన్నాను. స్పష్టంగా విన్నాను. నోరు ముయ్యమన్నాను. ఈలోపు రిఫరీ వచ్చాడు. మైలవరం వైపు నుంచి వచ్చిన మాస్టారు, మెత్తటి మనిషి.

"మేడం, అమ్మాయి చూపు నిలవట్లేదండీ. కూర్చోబెట్టండి."

"మీరేమన్నా కళ్ల డాక్టరా?"

"కాదండీ. కానీ పిల్లకి మన మాట తలకెక్కట్లేదు."

"ఎక్కట్లేదా? ఎస్తేరూ, పందొమ్మిదో ఎక్కం చెప్పవే!"

చెప్పింది. ఒక్క తప్పు లేకుండా, రాగం తీస్తూ, చివరిదాకా. చెప్పక ఏంచేస్తుంది? ఎక్కం అప్పజెప్పందే నా క్లాసులో ఎవరినీ కూర్చోనివ్వను. నిద్రలో లేపి అడిగినా చెబుతారని గొప్పలు పోయేదాన్ని నేనే. ఊరు గుర్తులేని పిల్లకు ఎక్కం గుర్తుండటం తెలివిలో ఉన్నట్టు ఎలా అవుతుంది? జనం ఈలలు వేశారు. నేను ఆగలేదు. "ఇంకేం కావాలండీ? మగపిల్లాడైతే ఇట్లా అడిగేవారా?" అన్నాను. ఆయన పక్కకు తప్పుకున్నాడు, పిల్లని మళ్లీ ఆటలోకి దింపాను. ఆ ప్రశ్న ఎన్నో చోట్ల న్యాయమైందే. అక్కడ దాన్ని కర్రలా వాడాను.

కాసేపటికి ఎస్తేరు మళ్లీ గుద్దుకుని పడింది. ఈసారి నీళ్లకు లేవలేదు. ఆసుపత్రిలో చేర్చాం. తర్వాత నెలల తరబడి వెలుతురు చూడలేకపోయింది. తెలిసిన మాటకోసం తడుముకుని ఏడ్చేది. ఆ ఏడు పరీక్షలు పోయాయి. ముక్త్యాలలో లారీలకు ఎత్తుడు పనిచేసే వాళ్ల నాన్న తువ్వాలు చేతిలో పట్టుకుని బడికొచ్చాడు. "మా పిల్లని మళ్లీ ఎవరు దింపారండీ?" అన్నాడు. నేను తడుముకోలేదు. "రిఫరీ. నే వద్దంటూనే ఉన్నా" అన్నాను.

ఎస్తేరు ఇంటివాళ్లు వెళ్లి ఆ మనిషి కాలర్ పట్టుకున్నారు. తర్వాత ఆయన్ని ఏ పోటీకీ పిలవలేదు. ఆయన నిజం చెప్పే ఉంటాడు. నా నోటి ముందు ఆయన మాట ఎవరికి వినబడుతుంది? చూసిన మిగతా పిల్లలు నాకు ఎదురు చెప్పేవాళ్లు కాదు.

నేను మాత్రం రోజూ సాయంత్రం ఎస్తేరు ఇంటికి వెళ్లి, వెలుతురు తగలకుండా తలుపు దగ్గరేసి, పాఠాలు చదివి వినిపించాను. మరుసటి ఏడు పాసయ్యింది. అందుకే ఆ పొగడ్త. అది ప్రేమా? భయమా? పిల్లకు ఆ రోజు ఏదైనా గుర్తొస్తుందేమోనని కనిపెట్టుకుని ఉండటమా? రోజుకో జవాబు చెప్పుకున్నాను. ఆమెకు మాత్రం ఆ మధ్యాహ్నం ఒక్క ముక్కా గుర్తులేదు. నేను చెప్పిందే ఆమె జ్ఞాపకం.

ఇప్పుడు ప్రతి కొత్త జట్టుకూ ఆ కథ చెబుతుంది. చూసి కూడా ఆడించిన రిఫరీ, వద్దని మొత్తుకున్న మేడం. ఫైనల్ రోజు కూడా పిల్లలను కూర్చోబెట్టి, నన్ను చూపించి చెప్పింది. వాళ్లు నన్ను కళ్లు పెద్దవి చేసుకుని చూశారు. ఇంత మంచి పనికి పునాదిలో నా అబద్ధం ఉందని తెలిస్తే ఆ పని చెడుతుందా? చెడదు. అది ఆమె పని. చెడేది నా పేరొక్కటే. ఆయన పేరు ఎప్పుడో చెడింది.

ఎస్తేరు ఇది చదువుతుంది, పేరు మార్చినా పోల్చుకుంటుంది. వచ్చి అడిగితే ఏం చెప్పాలో సిద్ధం చేసుకోలేదు. క్షమించమనను. ఆ పనీ ఆమె నెత్తిన పెట్టను. పిల్లలకు చెప్పే కథలో మనుషులను మార్చుకుంటే చాలు. ఇది రాస్తుంటే చాలాకాలానికి ఊపిరి సాఫీగా ఆడుతోంది.

ఆపమన్నది ఆయన. ఆడించింది నేను.