నా కళ్ళు చూడు, చిన్నాయనా

ఆ రోజుల్లో బొంబాయిలోని మా కామాటిపుర గల్లీలో ఎవరైనా ఎదురుపడితే ముందు మొహం కాదు, కనుగుడ్లు చూసుకునేవాళ్ళం. ఎనభైల్లో ఒక వానాకాలం అది. నల్లా నీళ్ళలో ఏం కలిసిందో గానీ, మేముండే ఒంటిగదుల చాల్‌లో ఇంటికొకరు కామెర్లతో మంచం పట్టారు (పక్కగది మరాఠీ ముసలమ్మ దాన్ని 'కావీళ్' అనేది, ఆ మాట వింటేనే నేను అద్దం వెతుక్కునేవాణ్ణి). నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. మేస్త్రీ పని చేసే చిన్నాయనతో ఒకే గదిలో ఉంటూ, నాగ్‌పాడాలో రేకుపెట్టెలు చేసే కార్ఖానాకు పోయేవాణ్ణి. చిన్నమ్మ, పిల్లలు పాలమూరు దగ్గర ఊళ్ళోనే ఉండేవారు.

నా జబ్బు ఎలా మొదలైందో చెప్పలేను. కుడి డొక్కలో ఏదో బరువు, అరచేతుల్లో దురద. (ఆకలి మాత్రం మూడు పూటలా వేసేది. దాన్ని నేను పట్టించుకోలేదు.) కార్ఖానాలో కొత్త రేకు అద్దంలా మెరిసేది. సుత్తి పక్కన పెట్టి, కింది రెప్ప లాగి, అందులో కళ్ళు చూసుకునేవాణ్ణి. పెట్టె చేస్తున్నావా, పెళ్ళికి ముస్తాబవుతున్నావా అని సేటు హిందీలో అరిచేవాడు. గ్రాంట్ రోడ్ స్టేషన్లో బరువు చూసే యంత్రం ఎక్కితే ఒక ప్లాట్‌ఫారం మీద నలభై తొమ్మిది కిలోలు, వంతెన దాటి అవతల ఎక్కితే నలభై ఆరు. మెట్లెక్కి దిగేలోపే మూడు కిలోలు కరిగిపోయానని అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. గల్లీ మూలనున్న డాక్టరు రెండుసార్లు చూసి, రోగం లేదు, భయం ఉంది అన్నాడు. మూడోసారి పోతే కాంపౌండరు గుమ్మంలోంచే పంపేశాడు.

ఇక మిగిలింది చిన్నాయన. రోజూ పొద్దున ఆయన్ని కిటికీ దగ్గరికి లాక్కుపోయి రెప్పలు లాగి చూపించేవాణ్ణి.

"చిన్నాయనా, పచ్చగైనయా?"

"లేదు బిడ్డా, పాల లెక్క తెల్లగున్నయి."

"మంచిగ చూడు."

"అరే, ఎన్నిసార్లు చూడాలె? నాకు పనికి టైమైతున్నది, జానే దే!"

పది పన్నెండు రోజులు ఇదే తంతు. ఒకనాడు వాన వెలిసి గదిలోకి మంచి వెలుతురు వచ్చింది. చిన్నాయన వంగి నా కళ్ళలోకి చూస్తున్నాడు. ఏం చెబుతాడో అని నేను ఆయన మొహంలోకి చూస్తున్నాను. ఆయన కళ్ళు పసుపు పూసినట్టున్నాయి.

"నీకేం లేదు, పో" అన్నాడు.

"చిన్నాయనా... నీకే అయింది."

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నాల్గు దినాల సంది ఎరికే. చెప్తె నువ్వు ఇంకింత బెదురుతవని ఊకున్న."

ఆయన బస్సులో పోదామని మొండికేసినా వినకుండా టాక్సీలో ఆసుపత్రికి తీసుకుపోయాను. వారం అక్కడ, నెల గదిలో. నీళ్ళు మరగబెట్టాను, గంజి కాచాను, చిన్నమ్మకు "మేం క్షేమం" అని ఉత్తరం రాశాను (ఆయన దగ్గరుండి రాయించిన అబద్ధం). చిన్నాయన లేచి మళ్ళీ తాపీ పట్టాక గానీ నా డొక్క సంగతి గుర్తు రాలేదు. ఆ బరువు ఎప్పుడు పోయిందో తెలియదు. అదేమిటో ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు అరవైకి దగ్గరపడ్డాను. చెయ్యి కాస్త తిమ్మిరెక్కినా చాలు, మనసు ఆనాటి కుర్రవాడిలాగే ఏదో పెద్ద రోగం దాకా పరుగులు పెడుతుంది. ఆ భయం ఎవరికీ చెప్పను గానీ, అప్పుడల్లా ఒంట్లో బాగుందా అని మా ఆవిణ్ణి అడుగుతాను.

"పొద్దుగాల సంది నాల్గోసారి అడుగుతున్నవ్. నాకు మంచిగనే ఉన్నది," అంటుంది. "నువ్వు నీ గోలీ ఏసుకున్నవా?"