చింతపండు పెట్టి తోమిన పతకాలు

హైస్కూల్లో సోషల్ మేస్టారుగా పనిచేసిన పాతికేళ్ళలో ముప్పై ఒక్క పతకాలు సేకరించాను. మెడలో వేసుకునేవి కావు. పాత రాజుల నాటి కట్టడాల గుర్తుగా శిల్పులు పోతపోసే కంచు బిళ్ళలు. ఓరుగల్లు తోరణం, కోణార్క చక్రం, హంపి రాతిరథం అరచేతిలో పట్టేవి. వాటిలో తొమ్మిది జంగారెడ్డిగూడెంలోని ఒక శిల్పి చేసినవి. పోతపోశాక సెగ చూపించి, మందులు పూసి, ఆయన కంచుకి ఒక ముదురు గోధుమ రంగు రప్పించేవారు. తోరణం మీది హంసల ఈకలు ఆ రంగు వల్లే కంటికి ఆనేవి.

మొన్నటి వానాకాలం తమ్మిలేరు పొంగి ఏలూరులో మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. కంటి ఆపరేషన్ చేయించుకుని నేను తాడేపల్లిగూడెంలో కూతురి దగ్గర ఉన్నాను. పెదపాడు నుంచి మా అక్క వచ్చి, ఒక్కతే బురదంతా ఎత్తిపోసింది. మంచం కింద పెట్టె తడిసిపోయిందని పతకాలన్నీ బయటికి తీసి, చింతపండూ ఇసకా వేసి తోమింది.

నేను వెళ్ళేసరికి అవి పాత చీర మీద ఆరబెట్టి ఉన్నాయి, పచ్చగా మెరుస్తూ.

"ఎంత నల్లగా పట్టేశాయిరా! రెండు రోజులు తోమాను. ఇప్పుడు చూడు, బంగారంలా లేవూ?" అంది. ఆమె వేళ్ళ చివర్లు చిట్లిపోయి ఉన్నాయి.

తోరణం చేతిలోకి తీసుకున్నాను. హంసలకి ఈకల్లేవు.

"బాగున్నాయక్కా," అని పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాను. అరవాలనిపించింది. ఎవరి మీద అరవను?

నాలుగు రోజులాగి, ఆ తొమ్మిదీ సంచిలో వేసుకుని జంగారెడ్డిగూడెం బస్సెక్కాను. ఆ రంగు మళ్ళీ వస్తుందేమో శిల్పినే అడుగుదామని. ఆయన భార్య తలుపు తీశారు.

"ఆయన పోయి ఎనిమిది నెలలైందండీ. మీకు కబురు అందలేదేమో."

సంచిలోంచి తోరణం తీసి అడిగాను. "అచ్చులేమైనా ఉన్నాయాండీ?"

"ప్లాస్టరువి కదండీ. చెమ్మకి పొడైపోయాయి."

నా చేతిలోని తోరణం తీసుకుని, బొటనవేలితో తడిమి చూశారు.

"ఈ బిళ్ళ ఎవరు పోతపోశారండీ?" అన్నారు.

తోరణాన్ని తిరిగి సంచిలో వేసుకున్నాను. ఆవిడ ఇచ్చిన మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

మళ్ళీ పతకం కొనలేదు. అక్క మా ఇంట్లో ఉన్నప్పుడు ఎవరొచ్చినా పెట్టె తెచ్చి, మూత తీసి, తను పడ్డ కష్టం చెబుతుంది. పక్కనే కూర్చుని నేనూ అవునంటాను.