లేబర్ అన్న మాటా, మా పెద్దమ్మా

పోయిన వారం మా పెద్దమ్మ పోయింది. తమిళనాడులో, ధర్మపురి దగ్గరి ఇండూరులో, పొద్దున కాఫీ తాగి గ్లాసు కింద పెడుతూ అట్లాగే ఒరిగిపోయిందట. కబురు చెప్పింది ఆమె కూతురు, మా అక్క. ఏడుస్తూనే, "ఈ పొద్దు పనికి రాదని ఆ కాంట్రాక్టరుకు ఎవురన్నా చెప్పండిరా" అంది.

మీరంతా లేబర్ అనే మాట వాడుతూనే ఉంటారు. ఆ ఇంగ్లీషు మాటకు శ్రమ అని అర్థం. మా ధర్మపురిలో శ్రమ చేసే మనిషే లేబర్. అదీ ఇసుక లోడు లెక్కన: నాలుగు లేబర్ పంపు, రెండు లేబర్ తగ్గించు. ఆ మాట వింటే నాకు కంపరమెత్తుతుంది. ఆ కంపరం నాకు పెద్దమ్మ పెట్టిన భిక్షే.

ఇళ్ళు కట్టే చోట ఆమె జీవితమంతా సిమెంటు తట్టలు మోసింది. ఇంజనీరు కింది నుంచి "ఏయ్ లేబర్" అని కేకేస్తే పలికేది కాదు. తట్ట నెత్తినే పెట్టుకుని నిలబడేది. "పని ఈ తట్టలో ఉండాది సామీ. నేను వేరే ఉండాను. పేరు తెలీకుంటే అక్కా అను, వస్తాను" అనేది. కోపంగా కాదు, వక్క నములుతూ. మధ్యాహ్నం సంగటి మూట విప్పితే, తోటి ఆడవాళ్ళను ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాకే ముద్ద నోట్లో పెట్టుకునేది. సెలవుల్లో వెళ్తే ఆ పిలుపుల్లో నా పేరూ ఉండేది.

సాగనంపే రోజు కాంట్రాక్టరు పూలదండతో వచ్చాడు. ఏళ్ళ తరబడి ఆమె చేత పని చేయించుకున్నవాడు. దండ వేసి నన్ను పక్కకు పిలిచాడు.

"కన్నీటి అంజలి బ్యానర్ కట్టిస్తానప్పా. ఆ లేబర్ పేరు ఏమి?"

అక్క ఆ మాట విన్నది. "నువ్వు పండుకునే ఇల్లు కూడా మా అమ్మ మోసిందే కదన్నా. పేరు తెలీదా?"

"ఎంతమందినని గుర్తుపెట్టుకునేది పాపా" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి మేం పేరు చెప్పలేదు.

బ్యానర్ మాత్రం మర్నాడే రోడ్డు పక్కన లేచింది. చేతులు జోడించి నిలువెత్తు కాంట్రాక్టరు. ఆయన ఎదురుగా చిన్నగా, ఎవరి ఫోనులోంచో తీసిన, తట్ట మోస్తున్న పెద్దమ్మ. కింద తమిళంలో, మా లేబర్‌కు కన్నీటి అంజలి అని. నేను రోడ్డు మీదే ఉమ్మేశాను. అక్క కొడవలి తెచ్చి, స్టూలెక్కి, వాళ్ళమ్మ బొమ్మ మట్టుకు కోసుకుని, చుట్టి చంకలో పెట్టుకుని ఇంటికి పోయింది.

బ్యానర్ ఇంకా అక్కడే ఉంది. పెద్దమ్మ ఉన్న చోట పెద్ద బొక్క. అందులోంచి నల్లంపల్లి పోయే బస్సులు కనిపిస్తాయి. ఆ బొక్కకు ఎదురుగా నిలబడి ఆయన ఇంకా దండం పెడుతూనే ఉన్నాడు.